గాలి మిషనూ గరాజు కంప్రెసరూ

మన వైపు వాటర్ సర్వీసింగ్ షాపు చూడనివారు ఉండరు. లారీనో వ్యానునో ర్యాంపు ఎక్కిస్తారు. మోటారుతో నీళ్లు కొడతారు, నురుగు పూస్తారు, మళ్లీ నీళ్లు కొడతారు. ఆఖరున గాలి మిషను గొట్టానికి ఇంకో గన్ను తగిలించి బండి అడుగంతా నూనె కొడతారు. చాలాచోట్ల ఆ నూనె ఇంజన్‌లోంచి దింపేసిన పాత ఆయిలే; పలచబడటానికి కాస్త డీజిలు కలుపుతారు. చాసీ నల్లగా నిగనిగలాడుతుంది, కమాన్ కట్టల కిర్రు ఆగుతుంది, బండి ర్యాంపు దిగుతుంది. అయిదు పది నిమిషాల పని. చేతి నుంచి చేతికి వచ్చిందే తప్ప ఎవరూ రాసిపెట్టింది కాదు కనుక దీన్నొక సంప్రదాయంగా ఎవరూ లెక్కపెట్టరు. నేను లెక్కపెడతాను. భూగోళానికి అవతలి వైపు, మంచు దేశాల్లో, దీనికి తోబుట్టువనదగిన పద్ధతి ఒకటి ఉంది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే గాని మనదాని బలం, మనదాని లోటు మనకు తెలియవు.

కెనడాలోని ఒంటారియో, క్యుబెక్‌లలో, అమెరికాలోని మిషిగన్, ఒహాయో, న్యూయార్క్ రాష్ట్రాల్లో, ఆకులు రాలే కాలంలో ఎందరో బండి యజమానులు సొంత గరాజులోనే ఈ పని పెట్టుకుంటారు. 20, 25 లీటర్ల ట్యాంకున్న చిన్న కంప్రెసరు. ఒక లీటరు సీసా బిగించే గన్ను. దానికి తోడు, చివర ముక్కు నుంచి అన్ని వైపులకూ చిమ్మే సన్నటి పొడుగాటి గొట్టం. సీసాలో గొర్రె ఉన్ని నుంచి తీసిన లానోలిన్ కొవ్వుతో చేసిన చిక్కటి ద్రవమో, మైనం కలిపిన నూనెనో ఉంటుంది. బండిని ఇనుప ర్యాంపుల మీదికి ఎక్కించి, చక్రాలకు అడ్డు పెట్టి, కింద వెల్లకిలా పడుకుని చాసీకి లోపలా బయటా కొట్టుకుంటారు. ఏడాదికి ఒకసారి. కొట్టడానికి సగం రోజు పడుతుంది. అంతకుముందు కడిగి, బ్రష్షుతో గీకి, ఆరబెట్టడానికి అంతకన్నా ఎక్కువే పడుతుంది.

మనది రోడ్డు పక్క వృత్తి అయితే వాళ్లది ఇంటి వ్యాపకం. మనది కూలికి చేసేది, వాళ్లది సొంతానికి చేసుకునేది. అయినా రెండింటికీ మూలంలో ఉన్న ఊహ ఒకటే: గట్టిపడే పూతను కాదు, తడిగా ఉండే పూతను నమ్మడం. రంగు ఇనుమును కప్పుతుంది. గీత పడినచోట చేతులెత్తేస్తుంది. తడి నూనె అలా కాదు. పాకుతుంది, గీత పడ్డచోట మళ్లీ కమ్ముకుంటుంది, బోల్టు మరల్లో దూరుతుంది, తుప్పు పొరలో ఇంకి అక్కడి తడిని తోసేస్తుంది. తడిది కాబట్టే నీళ్లకు కొట్టుకుపోతుంది కూడా. మళ్లీ మళ్లీ కొట్టుకోవాలి. ఈ షరతును రెండు చోట్లా మనసారా ఒప్పుకున్నారు. దాన్ని ఎవరెలా తీర్చుకున్నారన్న దగ్గరే దారులు చీలాయి.

ముందు ఉప్పు సంగతి. డెట్రాయిట్ నగరం కింద, దాదాపు 1,200 అడుగుల లోతున, ఉప్పు గని ఉంది. కార్లను పుట్టించిన ఊరూ, ఆ కార్లను తినే ఉప్పూ పైనా కిందా ఒకే నేలలో ఉన్నాయన్నమాట. అక్కడికి ఉత్తరాన, హ్యూరాన్ సరస్సు ఒడ్డున, గోడరిచ్ అనే కెనడా ఊళ్లో ఉన్నది ప్రపంచంలోకెల్లా పెద్ద భూగర్భ ఉప్పు గని. మంచు కరిగించడానికి రోడ్ల మీద ఉప్పు చల్లడం అమెరికాలో 1930ల చివర న్యూ హాంప్‌షైర్‌లో ప్రయోగంగా మొదలై, రెండో ప్రపంచయుద్ధం తర్వాత మంచు రాష్ట్రాలన్నిటికీ పాకింది. దాని వెంటే తుప్పు, తుప్పు వెంటే తుప్పు నివారణ వ్యాపారం. జర్మనీ నుంచి వచ్చి డెట్రాయిట్‌లో స్థిరపడిన కర్ట్ జీబార్ట్ అనే మెకానిక్ కారు శరీరంలోని మూసిన భాగాలకు చిన్న రంధ్రాలు వేసి లోపలికి పూత చిమ్మే పద్ధతి తయారుచేశాడు. అతని పేరు మీద 1959లో పెట్టిన సంస్థ ఇప్పటికీ నడుస్తోంది. గరాజులో ఇవాళ పొడుగాటి గొట్టం పట్టుకున్న మనిషి, తెలిసినా తెలియకపోయినా, జీబార్ట్ బాటలోనే ఉన్నాడు.

మన ఉప్పు గనిలోంచి రాదు, గాలిలోంచి వస్తుంది. విశాఖపట్నం కథ డెట్రాయిట్ కథలాంటిదే. దేశంలో సముద్రం ఒడ్డున కట్టిన మొదటి సమగ్ర ఉక్కు కర్మాగారం అక్కడిది. ఉక్కు పోసే ఊరూ, ఉక్కును తినే అలల తుంపరా పక్కపక్కనే. అలాగే నౌపడ, చినగంజాం ఉప్పుమళ్ల నుంచి బస్తాలు మోసే లారీలు, కాకినాడ, నిజాంపట్నం రేవుల నుంచి చేపలూ మంచూ మోసే వ్యాన్లు. ఉప్పు లారీకి బస్తాలోంచి రాలేది, చేపల వ్యానుకు మంచు కరిగి కారేది, రెండూ చేరేది చాసీ మీదికే.

ఉప్పు ఒకటే అయినా అది వచ్చే తీరు వేరు. అక్కడ నాలుగైదు నెలలు, కింది నుంచి, టైర్లు చిమ్మిన బురదలా వస్తుంది. ఇక్కడ పన్నెండు నెలలూ, అన్ని వైపుల నుంచీ, కనబడకుండా వస్తుంది. తీరం నుంచి లోపలికి వెళ్లేకొద్దీ వేగంగా తగ్గిపోతుంది గాని బీచ్ రోడ్డు ఇళ్ల ముందు నిలబెట్టిన బండికి దాని నుంచి తప్పించుకునే దారి లేదు. పైగా వాన కడిగేది బండి పైభాగాన్నే. అడుగున పేరిన ఉప్పు వాన చూడదు, ఎండ చూడదు. అందుకే తీరప్రాంతంలో పైకి తళతళలాడే కారు కూడా కింద తొంగి చూస్తే ఎర్రబారి ఉంటుంది. రోడ్డు మీద ఉప్పు చల్లే దేశానికి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు; అక్కడ సెకండ్ హ్యాండ్ బండి కొనేవాడు ఇంజను కన్నా ముందు అడుగు చూస్తాడు. మనవాళ్లలో ఆ అలవాటు ఇంకా తక్కువ.

ఇంకొక పోలిక రసాయనంలో ఉంది. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే తానే నీటిని లాక్కుని కరుగుతుంది. మంచు దేశాల్లో దానితోబాటు వాడే కాల్షియం క్లోరైడు, మెగ్నీషియం క్లోరైడులకు అంత తేమ అక్కర్లేదు, 30 శాతం, కాస్త అటూ ఇటూ, చాలు. సముద్రపు ఉప్పులోనూ మెగ్నీషియం క్లోరైడు కలిసే ఉంటుంది. కాబట్టి అక్కడ ఎండ కాసిన శీతకాలపు రోజునా, ఇక్కడ చినుకు పడని రోజునా, చాసీ మీద కంటికి ఆనని ఉప్పుతడి ఒకటి నిలిచే ఉంటుంది. తుప్పుకు కావలసింది అదే. దానికి తోడు వేడి: వేడి పెరిగేకొద్దీ ఈ చర్య చురుకెక్కుతుంది. వాళ్ల తుప్పు గడ్డకట్టే చలిలో మందగిస్తుంది, వెచ్చటి గరాజులోకి వస్తే లేస్తుంది. మన తుప్పుకు మందగించే కాలమే లేదు. ఏడాదికొకసారి కాక రెండు మూడు నెలలకొకసారి నూనె కొట్టించే మన లారీవాళ్ల అలవాటు వెనుక ఈ లెక్క ఉంది. ఎవరూ లెక్క కట్టకుండానే అనుభవం కట్టింది.

ఇక యంత్రం. మన షాపుల్లో ఉండేది బెల్టుతో తిరిగే పెద్ద గాలి మిషను. టైర్లకు గాలి, గ్రీజు గన్నుకు గాలి, ఎయిర్ ఫిల్టరు దుమ్ము ఊదడానికి గాలి, అడుగున నూనెకు గాలి, అన్నీ దానితోనే. పొద్దున మోటారు వేస్తే రాత్రికి గాని ఆగదు. ఇంటి కంప్రెసరు అలాంటిది కాదు. ఒకటి రెండు హార్స్‌పవర్ల మోటారు, చిన్న ట్యాంకు. ఆపకుండా కొడితే నిమిషంలోపే ఒత్తిడి పడిపోతుంది, మళ్లీ నిండేదాకా ఆగాలి. కారుకు రంగు వేయాలంటే ఇది పనికిరాదు, ఎందుకంటే రంగుకు ఆగని గాలి కావాలి. మధ్యలో ఒత్తిడి తగ్గితే పూత మీద అలలు తేలతాయి. నూనెకు ఆ నియమం లేదు. కాస్త కొట్టి, ఆగి, గొట్టం ఇంకో రంధ్రంలోకి మార్చి, మళ్లీ కొట్టవచ్చు. అడ్డదిడ్డంగా పడినా అదే పాకి సర్దుకుంటుంది. ఇంటి కంప్రెసరుకు చాసీ పని అచ్చొచ్చింది అందుకే. దాని బలహీనత ఈ పనిలో బలహీనతగా మారదు.

ఒత్తిడి విషయంలో రెండు చోట్లా ఒక పొరపాటు ఉమ్మడిగా ఉంది: ఎక్కువ కొడితే ఎక్కువ దూరం పోతుందనుకోవడం. చిక్కటి ద్రవానికి 60 నుంచి 90 పీఎస్ఐ మధ్య సరిపోతుంది. అంతకు మించితే నూనె ఇనుము మీద పడటం మాని పొగలా గాలిలో తేలుతుంది. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది కూడా. డబ్బాలో ఉన్న డీజిలు కన్నా పొగలా తేలే డీజిలుకు మంట సులువుగా పట్టుకుంటుందని మన షాపుల్లో ఎవరూ చెప్పరు. ద్రవం చిక్కగా ఉంటే ఒత్తిడి పెంచకుండా, డబ్బాను వేడినీళ్ల తొట్టెలో కాసేపు ఉంచి పలచబరచడం గరాజు పద్ధతి. ఇది మనం నేర్చుకోవలసింది. డీజిలు కలిపి పలచబరచడం కన్నా ఎంతో మేలు.

తేమ దగ్గర మాత్రం మన కష్టం వాళ్ల కష్టానికి కొన్ని రెట్లు. విశాఖలో 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ మామూలే. అలాంటి ఒక ఘనమీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీరు ఆవిరిగా ఉంటుంది. దాన్ని ఏడు బార్ల గేజీ ఒత్తిడికి నొక్కి ట్యాంకులో చల్లారనిస్తే, ఎనిమిదో వంతుకు కుదించుకుపోయిన ఆ గాలి నాలుగు గ్రాములకు మించి ఆవిరిని పట్టుకోలేదు. మిగతా 20 గ్రాములూ నీళ్లుగా ట్యాంకు అడుగుకు దిగుతాయి. చిన్న కంప్రెసరు ఓ పదిహేను నిమిషాలు తిరిగితే పీల్చేది దాదాపు ఒక ఘనమీటరు. అంటే గంట పనిలో ఒక చిన్న గ్లాసుకు దగ్గరగా నీళ్లు. ఒంటారియోలో 10 డిగ్రీల శరత్కాలపు గాలిలో, అదే 80 శాతం తేమ ఉన్నా, మొత్తం ఆవిరే ఏడెనిమిది గ్రాములు. అక్కడ నీటి ఫిల్టరు లేకుండా నెగ్గుకురావచ్చునేమో గాని ఇక్కడ అది లేకుండా గన్ను పట్టుకుంటే, ఇనుము మీద పడే మొదటి పొర నూనె కాదు, నీళ్లు. తుప్పు ఆపడానికి తెచ్చిన యంత్రం కడుపులోనే తుప్పు పుడుతుంది కూడా. పని అయ్యాక కింది డ్రెయిన్ కాక్ తిప్పి నీళ్లు వదలకపోతే ట్యాంకు రేకు లోపలి నుంచి పలచబడుతుంది. ఒత్తిడి మోసే రేకు అది. పెద్ద మిషన్లున్న మన షాపుల్లో చాలాచోట్ల ఈ కాక్ రోజూ తిప్పుతారు, సాయంత్రం షాపు మూసేముందు బుస్సుమని. గరాజు మనిషి ఏడాదికొకసారి వాడేవాడు కనుక దీన్ని మరిచే ప్రమాదం అతనికే ఎక్కువ.

పదార్థం దగ్గరికి వస్తే నాకు మొహమాటం లేదు. పాత ఇంజన్ ఆయిల్ ఎంత తేరగా దొరికినా చాసీకి మంచిది కాదు. కొత్త ఆయిల్లో తుప్పును అడ్డుకునే మందులు కలిపి ఉంటాయి. వేల కిలోమీటర్లు తిరిగాక అవి ఖర్చయిపోయి, వాటి స్థానంలో మసి, నీటి ఛాయలు, ఇంధనం కాలగా మిగిలిన ఆమ్లాలు చేరతాయి. క్యాన్సర్ కారకాలైన బహుచక్రీయ హైడ్రోకార్బన్లూ అందులో ఉంటాయి. వానకు కారి అది కాలవలోకి పోతుంది. మన దేశంలో 2016 నాటి నియమాల ప్రకారం వాడేసిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం కింద లెక్క. రోజంతా ర్యాంపు కింద నిలబడి, చొక్కా లేకుండా, ముఖానికి గుడ్డ కూడా లేకుండా దాన్ని కొట్టే కుర్రవాడి చర్మం మీద, ఊపిరి మీద పడేది అదే. ఈ ఒక్క విషయంలో మన సంప్రదాయాన్ని నేను సమర్థించలేను.

అలాగని గరాజువాళ్ల లానోలిన్‌ను నెత్తిన పెట్టుకుని తెచ్చుకుంటే సరిపోదు. లానోలిన్ పూతల్లో పేరుమోసిన ఫ్లూయిడ్ ఫిల్మ్ 1940లలో అమెరికా నౌకాదళం ఓడల కోసం తయారైంది. మంచు దేశపు రోడ్ల మీదికి అది సముద్రం నుంచే వచ్చింది. ఉప్పునీటికి అది తట్టుకుంటుంది, అనుమానం లేదు. అయితే లానోలిన్ కరిగేది 40 డిగ్రీల దగ్గర. ఒంటారియో చలిలో వెన్నలా అంటిపెట్టుకుని ఉండే పూత, మే నెల విజయవాడలో తారురోడ్డు సెగ పైన నూనెలా జారుతుంది. అక్కడ ఏడాది నిలిచేది ఇక్కడ వేసవి దాటుతుందని నమ్మకం లేదు. వాళ్లకు చలిలో గన్నులోంచి రావడం కష్టం, మనకు ఇనుము మీద ఆగడం కష్టం. లోపలి పెట్టెల్లో, నీళ్లూ రాళ్లూ తగలనిచోట, కరిగినా గోడలు పట్టుకుని మళ్లీ పేరుకుంటుంది కాబట్టి అక్కడ ఫరవాలేదు. బయటి భాగాలకు మన ఎండలో గట్టి మైనం పాలు ఎక్కువగా ఉన్నది కావాలి.

రబ్బరు దగ్గర ఇద్దరిదీ ఒకటే జాగ్రత్త. నూనె పడితే సహజ రబ్బరు ఉబ్బుతుంది; సస్పెన్షను బుష్‌లు మెత్తబడి ముందే పోతాయి. లానోలిన్ ద్రవాల్లో కొన్నిటికీ ఈ గుణం ఉంది. బ్రేకు డిస్కుల మీద పడితే ఆ బండి ఆగదు. సైలెన్సరు మీద పడితే పొగ, కంపు. గరాజులో పాత పత్రికలూ ప్లాస్టిక్ కవర్లూ చుట్టి వీటిని కప్పుతారు. మన షాపుల్లో చేతివాటం మీద నమ్మకంతో కప్పకుండా కొట్టేస్తారు. పాత చేతులు డిస్కును తప్పించి కొట్టడం చూస్తే ముచ్చటేస్తుంది. అయినా బ్రేకుల విషయంలో ముచ్చటను నమ్ముకోకూడదు.

సర్వీసు సెంటర్లలో వేలకు వేలు తీసుకుని వేసే నల్లటి తారు పూత గురించి ఎక్కువ చెప్పను. ఇక్కడా అక్కడా అది ఉంది, రెండు చోట్లా దాని జబ్బు ఒకటే. కొత్త బండికి, శుభ్రమైన ఇనుముకు వేస్తే రాళ్ల దెబ్బలు కాస్తుంది. తుప్పు మీద వేస్తే తుప్పును దాచిపెడుతుంది. మంచు దేశంలో చలికి పెళుసెక్కి పగిలి, ఆ పగుళ్లలోంచి ఉప్పునీటిని లోపలికి తీసుకుని బయటికి పోనివ్వదు.

అసలైన తేడా ఇనుము ఆకారంలో ఉంది. నా దృష్టిలో ఈ పోలిక అంతటికీ కీలకం ఇదే. మన పద్ధతి లారీ దగ్గర పుట్టింది. మన లారీల చాసీ అంటే రెండు పొడుగాటి పట్టీలు, ఒక పక్క తెరుచుకుని ఉండే ఆకారంలో, మధ్య మధ్య అడ్డ పట్టీలు రివిట్లతో బిగించి. దాంట్లో కంటికి కనబడని భాగం తక్కువ. ర్యాంపు కింద నిలబడి గన్ను తిప్పితే నూనె తగలనిచోటు దాదాపు ఉండదు. తుప్పు పడితే కనబడుతుంది, కనబడితే గీకి రెడ్ ఆక్సైడ్ పూస్తారు. ఆటోనగర్‌లో అయితే పట్టీ కోసి కొత్తది అతికిస్తారు. రెండు పట్టీలు ఒకదాని మీద ఒకటి అతుక్కున్నచోట మాత్రమే చిక్కు. అక్కడ తుప్పు పుడితే ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమించి పట్టీలను విడదీస్తుంది.

గరాజు పద్ధతి పుట్టింది మూసిన పెట్టెల దగ్గర. అమెరికా పికప్ బండ్ల చాసీలో చాలా భాగం నాలుగు వైపులా మూసిన గొట్టంలా ఉంటుంది. కార్లకైతే వేరే చాసీయే లేదు, శరీరమే చాసీ. తలుపుల కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా, రేకులు మడిచి చేసిన మూసిన పెట్టెలు బరువు మోస్తాయి. ఉప్పునీళ్లు సన్నటి రంధ్రాల్లోంచి లోపలికి పోతాయి, బురద అడ్డం పడి తిరిగి రావు. బయట రంగు చెక్కుచెదరకుండా ఉండగానే తుప్పు లోపలి నుంచి తినుకుంటూ వస్తుంది. టయోటా టకోమా, టుండ్రా, సెకోయా బండ్ల చాసీలు తుప్పుకు చిల్లులు పడుతున్నాయని అమెరికాలో యజమానులు కోర్టుకు వెళ్లారు. సంస్థ తప్పు ఒప్పుకోకుండానే 2016లో రాజీకి వచ్చింది. దాదాపు 15 లక్షల బండ్లు, చాసీల తనిఖీ, అవసరమైతే మార్పిడి; ఖర్చు 340 కోట్ల డాలర్ల దాకా పోవచ్చని అంచనా. పొడుగాటి గొట్టం, అన్ని వైపులా చిమ్మే ముక్కు ఎందుకు కావలసి వచ్చాయో ఆ అంకె ఒక్కటే చెబుతుంది. గొట్టాన్ని రంధ్రంలోంచి చివరిదాకా తోసి, మీట నొక్కి, నెమ్మదిగా వెనక్కి లాగుతారు. అవతలి రంధ్రంలోంచి నూనె చుక్కలు కారడం మొదలైతే లోపలంతా తడిసినట్టు. ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చే ఘట్టం అదే. కంటికి కనబడనిచోట పని పూర్తయిందనడానికి కంటికి కనబడే ఒకే ఒక్క సాక్ష్యం ఆ చుక్క.

ఇక్కడ మన సంప్రదాయం వెనకబడింది. అది చేతకాక జరిగింది కాదు. దాని పనిముట్టు దాని బండికి సరిగ్గా సరిపోయింది. మారింది బండి. ఒకప్పుడు ర్యాంపు ఎక్కినవాటిలో ఎక్కువ లారీలు, జీపులు, ట్రాక్టరు ట్రెయిలర్లు. ఇవాళ ఎక్కేవి కార్లు. మూసిన పెట్టెలున్న కారుకు, తెరిచిన చాసీకి తగిన గన్నుతో కింది నుంచి నూనె కొట్టి పంపిస్తున్నాం. తడవవలసినచోటు తడవడం లేదు. అంబాసిడరూ ఇలాంటి శరీరమున్న కారేనని, దానికీ మన షాపులు ఇలాగే కొట్టాయని ఎవరైనా గుర్తు చేయవచ్చు. నిజమే. తీరప్రాంతంలో దాని తలుపుల కింది రేకులు పొరలు పొరలుగా రాలిపోవడం చూసినవాళ్లు ఇంకా ఉన్నారు.

అలాగే గరాజు సంప్రదాయానికీ ఒక లోటు ఉంది. అది లోతుకు వెళ్తుంది గాని తిరిగి రాదు. ఏడాదికొకసారి శ్రద్ధగా చేసిన మనిషి మిగతా పదకొండు నెలలూ బండి కిందికి తొంగి చూడడు. జనవరిలోనే ముందు చక్రాల వెనుక పూత కొట్టుకుపోయినా వసంతం దాకా తెలియదు. మన ర్యాంపు కింద కుర్రవాడు వారం వారం కడగడానికి వచ్చే లారీ అడుగును యజమాని కన్నా బాగా ఎరుగును. కారే ఆయిలు, విరిగిన కమాన్ పట్టీ, వదులైన బోల్టు అతనే ముందు చూస్తాడు, చూసి చెబుతాడు. కడిగే చేతి నుంచి ఆ చూపును విడదీస్తే నష్టం. ఇంటి కంప్రెసరు కొనుక్కున్నవాడు చేతి పని నేర్చుకోగలడు గాని ఆ రోజువారీ చూపును డబ్బుతో కొనలేడు.

ఓపిక విషయంలో మాత్రం మనం వాళ్ల దగ్గర వినయంగా నేర్చుకోవాలి. నీళ్లు కొట్టిన పది నిమిషాలకే నూనె కొట్టడం మన పద్ధతిలోని పెద్ద తప్పు. గాలితో ఎంత ఊదినా అతుకుల మధ్య నీళ్లుంటాయి. పైన నూనె కమ్మితే అవి ఆరే దారి మూసుకుపోతుంది. షాపువాడిని తప్పుపట్టి లాభం లేదు. వెనక ఇంకో బండి ఎదురుచూస్తోంది, యజమాని హారను కొడుతున్నాడు. ఆరడానికి ఒక రోజు బండి వదిలేయగలిగినవాడు ఇంటి మనిషే. వెల్డింగు మాట కూడా ఇక్కడే చెప్పాలి. లోపల మైనమో నూనెనో ఉన్న పెట్టెకు బయట వెల్డింగు పెడితే లోపల మంట లేస్తుంది. ఆటోనగర్‌లో బండి అప్పగించేటప్పుడు లోపల పూత ఉందని ముందే చెప్పాలి.

డెట్రాయిట్ చుట్టుపక్కలా, టొరంటో శివార్లలోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాలు తక్కువేం కాదు. కాకినాడలో పెరిగి అక్కడ మొదటి శీతకాలం చూసినవారికి ఆ ఉప్పు కొత్త కాదు, వచ్చే దిక్కే కొత్త. సొంత గరాజు ఉన్నవారిలో కొందరు ఈ పని ఇప్పటికే చేసుకుంటూ ఉండవచ్చు. వాళ్లు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు సెంట్లూ చాక్లెట్లతోపాటు అన్ని వైపులా చిమ్మే ముక్కున్న ఆ గొట్టం ఒకటి తెస్తే బాగుంటుంది. మన షాపుల గాలి మిషనుకు అది ఇట్టే తగులుతుంది.

తీరప్రాంతపు కారుకు నేను ఎంచే క్రమం ఇది. తుపాన్ల కాలం దాటాక, జనవరి ఫిబ్రవరి నెలల్లో, గాలి కాస్త పొడిగా ఉన్నప్పుడు, మూసిన పెట్టెల లోపలికి గరాజు పద్ధతిలో. ముందు కింది రంధ్రాల్లోని బురద పుల్లతో తీసి, మంచినీళ్లతో లోపల కడిగి, ఎండలో రెండు రోజులు ఆరనిచ్చి, నీటి ఫిల్టరు పెట్టిన ఇంటి కంప్రెసరుతో మైనం పూత. రంధ్రాలు పూతతో మూసుకుపోకుండా తర్వాత మళ్లీ పుల్ల పెట్టి చూసుకోవాలి. బయటి భాగాలకు మన వాడుకే మేలు: జూన్ వానలకు ముందొకసారి, వానల మధ్య ఎండ కాసిన వారంలో ఇంకొకసారి, తెలిసిన సర్వీసింగ్ షాపులో. కడిగించిన రోజున కాకుండా మర్నాడు తీసుకెళ్లి కొట్టించాలి. కొట్టే నూనె డబ్బా మాత్రం మనమే కొని పట్టుకెళ్లాలి, దానితోబాటు కొట్టే కుర్రవాడికి ఒక మాస్కు, ఒక జత గ్లవుజులు.